చర్చిల్ చీటీ, మచిలీపట్నం అద్దకం

బ్రిటన్‌లో చరిత్ర, అర్థశాస్త్రం చదివే పదహారేళ్ల పిల్లలు సిలబస్ బయట ఏం నేర్చుకుంటున్నారు?

1944 అక్టోబర్ 9 రాత్రి. మాస్కోలో స్టాలిన్‌తో మాట్లాడుతున్న బ్రిటన్ ప్రధాని చర్చిల్ ఒక కాగితం ముక్క అందుకుని దాని మీద కొన్ని దేశాల పేర్లు, పక్కనే శాతాలు రాశారు. రుమేనియాలో 90 శాతం రష్యాకు, గ్రీసులో 90 శాతం బ్రిటన్‌కు. యుగోస్లావియా, హంగరీ చెరిసగం. బల్గేరియాలో 75 శాతం రష్యాకు. కాగితాన్ని బల్ల మీద నుంచి అటు జరిపారు. స్టాలిన్ నీలం పెన్సిల్‌తో పెద్ద టిక్కు కొట్టి ఇటు జరిపేశారు. ఆ కాగితం ఇప్పుడు లండన్ శివారులో, క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉంది.

పాఠ్యపుస్తకంలో ఇది రెండు వాక్యాల్లో తేలిపోతుంది. తూర్పు ఐరోపాను ఇద్దరు నాయకులు పంచుకున్నారని, ప్రచ్ఛన్న యుద్ధానికి అక్కడే బీజం పడిందని రాస్తే పరీక్షలో మార్కులు పడతాయి. అదే ఆ కాగితం నకలును ఓ పదిహేడేళ్ల అమ్మాయి ముందు పెట్టి, తీరిగ్గా చూడమంటే ప్రశ్నలు వేరే దారి పడతాయి. తొంభై శాతం అంటే దేనిలో తొంభై శాతం? మంత్రి పదవుల్లోనా, సైన్యంలోనా, ఉత్త మాట చెల్లుబాటులోనా? ఏ దేశం కోసమైతే బ్రిటన్ 1939లో యుద్ధంలోకి దిగిందో ఆ పోలండ్ పేరు ఈ జాబితాలో ఎందుకు లేదు? రెండు నెలలు తిరక్కుండానే ఏథెన్స్ వీధుల్లో బ్రిటిష్ సైనికులు గ్రీకు వామపక్ష గెరిల్లాలతో తలపడితే స్టాలిన్ నోరు మెదపలేదు. ఆ మౌనానికీ ఈ టిక్కుకూ సంబంధం ఎంత? వీటికి జవాబులు ఏ గైడులోనూ ఉండవు. ఆ అమ్మాయి వెతుక్కోవాలి, దొరికినవాటిని తూకం వేసుకోవాలి, చివరికి తనదంటూ ఒక మాట చెప్పి దాన్ని నిలబెట్టుకోవాలి.

ఇంగ్లండ్ బడుల్లో ఇలాంటి పనులన్నిటినీ కలిపి ఎన్‌రిచ్‌మెంట్ అంటారు. ఆర్కైవ్స్‌కి వెళ్లడం, మ్యూజియం చూడటం, వ్యాసాల పోటీలు, మధ్యాహ్న భోజన విరామంలో నడిచే హిస్టరీ సొసైటీ, ఎకనామిక్స్ సొసైటీ, విశ్వవిద్యాలయాల వాళ్ల ఉపన్యాసాలు, విదేశీ యాత్రలు అన్నీ ఇందులోకే వస్తాయి. అక్కడ పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు చదివే రెండేళ్ల చదువుకు సిక్స్‌త్ ఫామ్ అని పేరు. మన ఇంటర్మీడియట్ వయసు. ఎక్కువ మంది మూడే మూడు సబ్జెక్టులు తీసుకుని ఎ-లెవెల్ పరీక్షలు రాస్తారు. చరిత్ర, అర్థశాస్త్రం కలిపి తీసుకునేవాళ్లను మన హెచ్‌ఈసీ విద్యార్థుల వరసలో చూడొచ్చు. తేడా ఏమిటంటే, అక్కడ ఆ జోడీ మీద చిన్నచూపు లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర, అర్థశాస్త్రం రెండూ కలిపి డిగ్రీ చేయొచ్చు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనైతే ఆర్థిక చరిత్రకు ఏకంగా ఒక విభాగమే ఉంది.

ఈ రెండు సబ్జెక్టులకూ బడి బయటి చదువు ఎందుకంత అవసరం? చరిత్ర ఎ-లెవెల్‌లో ఐదో వంతు మార్కులు విద్యార్థి స్వయంగా పరిశోధించి రాసే వ్యాసానికి ఉంటాయి. కనుక ఆధారాలతో కుస్తీ పట్టడం ఎంతో కొంత చదువులోనే ఉంది. అర్థశాస్త్రంలో అదీ లేదు. మొత్తం రాతపరీక్షలే. డిమాండ్, సప్లయి గీతలు చక్కగా గీసి, నిర్వచనాలు తప్పు లేకుండా రాసి, నిజంగా ఒక నిర్ణయం ముందు కూర్చోవాల్సి వస్తే ఆర్థికవేత్తకు ఎలా ఉంటుందో తెలియకుండానే పిల్లవాడు బయటపడొచ్చు.

ఆ లోటు తీర్చడానికి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ చాలా ఏళ్లపాటు ఒక పోటీ నడిపింది. దాని పేరు టార్గెట్ టూ పాయింట్ జీరో. ద్రవ్యోల్బణాన్ని రెండు శాతం దగ్గర నిలపాలన్నది ఆ బ్యాంకు లక్ష్యం, పేరు అక్కడి నుంచే వచ్చింది. బడి తరఫున నలుగురు పిల్లలు జట్టుగా వస్తారు. ఆ నెల ధరలు, జీతాలు, నిరుద్యోగం, ఇళ్ల అమ్మకాలు, పౌండు విలువ, చమురు ధర అన్నీ ముందేసుకుని, వడ్డీ రేటు పెంచాలో, తగ్గించాలో, అలాగే ఉంచాలో న్యాయనిర్ణేతల ముందు వాదించాలి. తర్వాత వాళ్లడిగే ప్రశ్నలకు నిలబడాలి. ప్రాంతీయ రౌండ్లు దాటినవాళ్లు ఫైనల్స్‌కి లండన్ వస్తారు. బ్యాంకు తీసుకున్న నిర్ణయమే పిల్లలూ చెప్పాలన్న నియమం లేదు. ఎలా ఆలోచించారన్నదే లెక్క.

ఇప్పుడా పోటీ లేకపోయినా ఆ ఆట ఆడటానికి ఏ బడికైనా అడ్డేమీ లేదు, ఎందుకంటే కావలసిన కాగితాలన్నీ బ్యాంకే బయట పెడుతుంది. వడ్డీ రేటు నిర్ణయించే కమిటీ 1997లో ఏర్పడింది. సభ్యులు తొమ్మిది మంది, ఏడాదికి ఎనిమిది సమావేశాలు, మనిషికో ఓటు. ఎవరు ఎటు ఓటేశారో, ఎందుకో అదే రోజు ప్రకటిస్తారు. 2021 డిసెంబర్‌కు ముందు 0.1 శాతం ఉన్న రేటు 2023 ఆగస్టుకు 5.25కి చేరింది. మధ్యలో, 2022 అక్టోబర్‌లో, ద్రవ్యోల్బణం 11.1 శాతం దాకా పోయింది. 2024 ఆగస్టు 1న రేటును ఐదు శాతానికి తగ్గించినప్పుడు ఓట్లు ఐదుకి నాలుగు. దేశంలో ఈ విషయం బాగా తెలిసిన తొమ్మిది మంది ఒకే అంకెలు చూసి దాదాపు సగానికి సగం చీలిపోయారు. పదహారేళ్ల పిల్లలకు దీన్ని మించిన అర్థశాస్త్ర పాఠం దొరకడం కష్టం. సరైన జవాబు గురువుగారి దగ్గర దాగి ఉందని, తమ పనల్లా దాన్ని కనిపెట్టడమేనని పదేళ్లుగా నమ్మిన పిల్లలకు, అలాంటి జవాబు లేకపోయినా గురువారం పన్నెండు గంటలకల్లా ఏదో ఒకటి తేల్చక తప్పదని అప్పుడే మొదటిసారి తెలుస్తుంది.

లండన్‌లోనే సైన్స్ మ్యూజియంలో ఒక వింత యంత్రం ఉంది. న్యూజిలాండ్ నుంచి వచ్చి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరిన బిల్ ఫిలిప్స్ దాన్ని 1949లో తయారు చేశాడు. ఇంజనీరింగ్ చేతికి పట్టిన మనిషి కాబట్టి, దేశ ఆర్థిక వ్యవస్థ మొత్తాన్ని గొట్టాలతో, తొట్లతో, రంగు నీళ్లతో కట్టి చూపించాడు. పైనుంచి దిగే నీరు జాతీయ ఆదాయం. పక్కకు మళ్లే ఒక పాయ పన్ను, ఒక పాయ పొదుపు, ఒక పాయ దిగుమతి. పన్ను గొట్టం వదులు చేస్తే కింద వినియోగం తొట్టిలో మట్టం పడిపోవడం కళ్లారా కనిపిస్తుంది. నిరుద్యోగానికీ జీతాల పెరుగుదలకూ ఉన్న సంబంధాన్ని చూపే ఫిలిప్స్ రేఖ, మన ఇంటర్ పిల్లలు కూడా పేరు విని ఉండే రేఖ, ఈయనదే. 1958 నాటిది. కేంబ్రిడ్జ్‌లో ఇలాంటిదే ఇంకొక యంత్రం ఇప్పటికీ పనిచేసే స్థితిలో ఉంది. బోర్డు మీద బాణం గుర్తులతో గంటసేపు చెప్పినా బుర్రకెక్కని ఆదాయ ప్రవాహం ఆ నీళ్లను చూస్తే చటుక్కున అర్థమవుతుంది.

అయితే రెండు సబ్జెక్టులూ కలిసి నడిచే చోటు చూడాలంటే లండన్ సిటీలో కాలినడకన తిరగాలి. బడులు తరచూ చేయించే చవకైన యాత్ర ఇది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మ్యూజియంలోకి టికెట్ లేదు. దాదాపు 13 కిలోల నిజమైన బంగారు కడ్డీని అక్కడ చేత్తో ఎత్తి చూడొచ్చు. బ్యాంకుకు ఎదురుగా ఉన్న రాయల్ ఎక్స్ఛేంజ్‌కి పునాది వేసింది థామస్ గ్రెషామ్, మొదటి ఎలిజబెత్ రాణికి అప్పులు పుట్టించి పెట్టిన వర్తకుడు. ఆయన వీలునామా పుణ్యమా అని 1597లో మొదలైన గ్రెషామ్ కాలేజీ ఇవాళ్టికీ ఎవరికైనా ఉచితంగా ఉపన్యాసాలు ఇప్పిస్తోంది. సిక్స్‌త్ ఫామ్ పిల్లలు వాటిని ఆన్‌లైన్‌లోనూ చూస్తారు. రోడ్డు దాటితే ఎక్స్ఛేంజ్ ఆలీ. 1720లో సౌత్ సీ కంపెనీ షేరు జనవరిలో 130 పౌండ్ల దగ్గరుండి, ఎండాకాలానికి వెయ్యి దాకా ఎగబాకి, సెప్టెంబర్ ముగిసేసరికి కుప్పకూలింది ఈ ఇరుకు సందులోని కాఫీ హోటళ్లలోనే. ఇంకాస్త ముందుకెళితే లెడెన్‌హాల్ వీధి. అద్దాలూ ఉక్కు గొట్టాలూ మెరిసే లాయిడ్స్ భవనం ఉన్న చోటే ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ ప్రధాన కార్యాలయం ఉండేది. 1861లో దాన్ని కూలగొట్టారు.

ఇక్కడ మన కథ కలుస్తుంది. ఆ కంపెనీ ఓడ 1611లో మచిలీపట్నం చేరింది. కోరమాండల్ తీరం నుంచి లండన్‌కు వెళ్లిన సరుకుల్లో పేరు మోసింది అద్దకపు నూలు బట్ట. చిరివేరుతో తెచ్చిన ఎరుపు ఎన్ని ఉతుకులకూ వెలిసేది కాదు. ఐరోపాలో అప్పటికి అలాంటి అద్దకం ఎవరి చేతా కాదు. దొరల ఇళ్ల పరదాల నుంచి పనిమనుషుల గౌన్ల దాకా ఆ బట్టే. ఉన్ని, పట్టు నేసేవాళ్ల నోట మట్టి పడింది. 1700లో అద్దకపు బట్టల దిగుమతిని పార్లమెంటు నిషేధించింది. వర్తకులు వెంటనే దారి మార్చి తెల్ల బట్ట దిగుమతి చేసి లండన్‌లోనే అద్దించడం మొదలుపెట్టారు. 1719లో స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు వీధుల్లో అద్దకపు బట్ట కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి గౌన్లు చింపారు. 1721లో కట్టుకోవడాన్నే నిషేధిస్తూ ఇంకో చట్టం వచ్చింది. మిశ్రమ నూలుకు మాత్రం 1736లో మినహాయింపు దొరికింది, ఆ సందులోంచే లాంకషైర్ నూలు పరిశ్రమ తలెత్తింది. 1774లో స్వదేశీ నూలు బట్ట మీద నిషేధం పోయింది.

విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కోరమాండల్ అద్దకాలు ఉన్నాయి. ఒక్క గుడ్డ ముక్క ముందు నిలబెట్టి టీచరు ఎన్ని ప్రశ్నలైనా లేవనెత్తొచ్చు. దిగుమతి సుంకం ఎవరిని కాపాడుతుంది, ఎవరి చేత డబ్బు కట్టిస్తుంది? చట్టం ఒక దారి మూస్తే వ్యాపారం ఇంకో దారి ఎలా వెతుక్కుంటుంది? నిషేధం లేకపోతే లాంకషైర్ మిల్లులు వచ్చేవా? ఈ చివరి ప్రశ్న మీద చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఒక పిల్లవాడు దాన్నే పట్టుకుని ఎక్స్‌టెండెడ్ ప్రాజెక్ట్ చేయొచ్చు. ఇది ఎ-లెవెల్‌తో పాటు ఐచ్ఛికంగా చేసే ఐదు వేల పదాల పరిశోధన, విలువలో సగం ఎ-లెవెల్‌తో సమానం. అంశం విద్యార్థిదే, వెతుకులాట విద్యార్థిదే, ఎక్కడ దారి తప్పాడో రాసుకునే దినచర్య పుస్తకం కూడా మూల్యాంకనంలో భాగమే. ఈ పుస్తకం పెట్టిన ఆలోచన ఎవరిదో గానీ మెచ్చుకోవాలి.

కొన్ని యాత్రలు తెలివికే కాదు, మనసుకూ పరీక్ష పెడతాయి. హోలోకాస్ట్ ఎడ్యుకేషనల్ ట్రస్ట్ 1999 నుంచి పదహారు, పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లలను పోలండ్‌లోని ఆష్విట్జ్ నాజీ మృత్యు శిబిరానికి తీసుకెళుతోంది. ఇప్పటికి 40 వేల మందికి పైగా వెళ్లొచ్చారు. ఒక బడి నుంచి సాధారణంగా ఇద్దరికే అవకాశం. తీసుకెళ్లి చూపించి పంపేయడం కాదు. వెళ్లేముందు ఒక సెమినార్, అందులో హోలోకాస్ట్ నుంచి ప్రాణాలతో బయటపడ్డ ఒకరి నోట వాళ్ల కథ వింటారు. యాత్ర ఒక్క రోజే, తెల్లవారుజామున విమానం ఎక్కి రాత్రికి తిరిగొస్తారు. అయినా ముందుగా శిబిరానికి వెళ్లరు. పక్కనే ఉన్న ఒష్వియెంచిమ్ ఊరు చూస్తారు. యుద్ధానికి ముందు ఆ ఊళ్లో సగానికి పైగా జనం యూదులు. పెళ్లిళ్లు చేసుకుని, దుకాణాలు నడుపుకుని, పిల్లల్ని బడికి పంపుకుంటూ అక్కడ బతికారు. ముందు ఆ బతుకు తెలిస్తే తప్ప తర్వాత చూసే బూట్ల గుట్టలు, సూట్‌కేసుల మీది పేర్లు మనుషులుగా కనిపించవు. తిరిగొచ్చాక ఇంకో సెమినార్. ఆ తర్వాత తమ ఊళ్లో, తమ బడిలో ఆ విషయం నలుగురికీ తెలిసేలా ఒక పని చేయాలి. ఇద్దరిని పంపితే బడి మొత్తానికి చేరాలన్నది ఆలోచన.

చాలా బడులు బెల్జియం, ఫ్రాన్స్‌లలోని మొదటి ప్రపంచ యుద్ధ భూములకు కూడా వెళతాయి. ఈప్ర పట్టణంలోని మెనిన్ గేట్ మీద సమాధి కూడా దొరకని 54 వేల మందికి పైగా సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ దారిలోనే ఫ్రాన్స్‌లో నోవ్ షపెల్ స్మారకం ఉంది. 1915 మార్చిలో ఆ ఊరి కోసం జరిగిన పోరులో భారతీయ దళాలు ముందు వరసలో నిలిచాయి. స్మారకం మీద 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు. బస్సును ఇక్కడ కూడా ఆపే టీచర్లు ఉన్నారు, ఆపని వాళ్లూ ఉన్నారు. ఆపాలి. ఇవాళ ఇంగ్లండ్ తరగతి గదుల్లో కూర్చునే పిల్లల్లో పంజాబీ, బెంగాలీ, తమిళ, తెలుగు ఇళ్ల పిల్లలు ఉన్నారు. ఆ యుద్ధం తమ ఇంటి కథ కూడానని వాళ్లకు తెలిసే చోటు అది.

పోటీలకు లెక్క లేదు. ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ హ్యూస్ కాలేజీ 1971 నుంచి చరిత్ర వ్యాసానికి జూలియా వుడ్ బహుమతి ఇస్తోంది. కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీది రాబ్సన్ బహుమతి. అర్థశాస్త్రానికి 1890లో పుట్టిన రాయల్ ఎకనామిక్ సొసైటీ ఏటా యువ ఆర్థికవేత్త పోటీ పెడుతుంది. గెలుపు సంగతి అలా ఉంచితే, వారాల తరబడి ఒకే ప్రశ్నను పట్టుకుని వేలాడటం వేరే అనుభవం. రాసింది చింపేసి మళ్లీ రాయడం ఈ వయసులో అలవడితే జీవితాంతం ఉంటుంది.

ఇక చేదు సంగతి. ఈ పనులన్నీ విశ్వవిద్యాలయం దరఖాస్తులో అక్కరకొస్తాయని అందరికీ తెలుసు. 2026 ప్రవేశాల నుంచి దరఖాస్తులోని వ్యక్తిగత వివరణ మూడు ప్రశ్నలుగా మారింది. చదువు బయట ఈ కోర్సుకు ఎలా సిద్ధపడ్డావన్నది అందులో ఒకటి. దాంతో కొన్ని ఇళ్లలో ఇది సరదా పోయి సరంజామాగా మారింది. ఏ ఉపన్యాసం విన్నా, ఏ పుస్తకం తిరగేసినా ఫారంలో ఒక వాక్యం కోసమే. డబ్బు పుచ్చుకుని వేసవి కోర్సులు అమ్మే వ్యాపారం కూడా బాగానే పెరిగింది. అలా పోగేసిన జాబితా కంటే ఒక్క కాగితాన్ని గట్టిగా చదివిన పిల్లవాడి పది వాక్యాలకు విలువ ఎక్కువ ఉండాలి. చాలామంది అధ్యాపకులు కోరుకునేదీ అదే.

అసలు అన్యాయం ఇంకో చోట ఉంది. బ్రిటన్ పిల్లల్లో ప్రైవేటు బడుల్లో చదివేది దాదాపు ఏడు శాతమే. వక్తలను పిలిపించే డబ్బు, యాత్రలకు బస్సులు, వ్యాసం దిద్ది పెట్టే తీరిక ఉన్న టీచర్లు ఎక్కువగా ఆ బడుల్లోనే. చాలా ప్రభుత్వ బడుల్లో ఎ-లెవెల్‌లో ఎకనామిక్స్ సబ్జెక్టే లేదు. ఉన్నచోట కూడా అమ్మాయిలు మూడింట ఒక వంతు దగ్గరే ఆగిపోతున్నారు. దీన్ని సరిచేయడానికి 2019లో రాయల్ ఎకనామిక్ సొసైటీ డిస్కవర్ ఎకనామిక్స్ అనే ఉద్యమం మొదలుపెట్టింది. పీటర్ లాంప్ల్ 1997లో స్థాపించిన సటన్ ట్రస్ట్ ప్రభుత్వ బడుల పిల్లలకు విశ్వవిద్యాలయాల్లో ఉచితంగా వేసవి శిబిరాలు నడుపుతోంది. ఆక్స్‌ఫర్డ్‌ది యునిక్ అనే ఉచిత కార్యక్రమం. మంచి పనులే. కానీ ఎంపికైన కొద్దిమందికి ఒక వారం దొరికేది, పక్క బడి పిల్లలకు రెండేళ్లూ దొరుకుతోంది.

అందుకే డబ్బు ఖర్చు లేని పనులు చేయించే టీచర్లను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బ్రిటన్ గణాంక కార్యాలయం ద్రవ్యోల్బణం లెక్కించడానికి ఏడు వందలకు పైగా వస్తువుల ధరలు చూస్తుంది. ఆ జాబితాను ఏటా మారుస్తుంది. 2024లో ఎయిర్ ఫ్రయర్ వచ్చి చేరింది, గ్రామఫోన్ రికార్డులు తిరిగొచ్చాయి, కోవిడ్ రోజుల్లో చేర్చిన హ్యాండ్ శానిటైజర్ వెళ్లిపోయింది. ఈ జాబితా ముందేసుకుని మీ ఇంటి ద్రవ్యోల్బణం ఎంతో లెక్క కట్టండి అంటే చాలు. అద్దె ఇంట్లో ఉండే పిల్లకూ, సొంతిల్లు ఉన్న పిల్లాడికీ అంకెలు వేరుగా వస్తాయి. దేశానికి ఒక్క అంకె చెప్పడంలో ఏం దాగిపోతుందో అప్పుడు వాళ్లే చెబుతారు. చరిత్రకైతే ఊరి యుద్ధ స్మారకం మీద ఒక పేరు ఎంచుకుని, కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో అతని సమాధి ఎక్కడుందో వెతికి, జనాభా లెక్కల్లో అతని ఇల్లు పట్టుకుంటే అదొక నెల రోజుల పని.

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు ఇళ్లలో చరిత్ర తీసుకుంటానన్న అబ్బాయికి ఎదురయ్యే ప్రశ్న ఏమిటో చెప్పనక్కర్లేదు. చదివి ఏం చేస్తావు అని. ఆ తల్లిదండ్రులు ఒక శనివారం పిల్లవాడితో కలిసి బ్రిటిష్ మ్యూజియం వెళ్లి, అమరావతి సున్నపురాతి శిల్పాల ముందు నిలబడితే ఆ సంభాషణ వేరేగా ఉంటుంది. కృష్ణ ఒడ్డు నుంచి ఆ రాళ్లు మద్రాసు మీదుగా లండన్ ఎలా చేరాయి, ఎవరు తవ్వించారు, ఎవరి అనుమతితో, తిరిగి ఇవ్వాలా అన్నవి కేంబ్రిడ్జ్ ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్నలు.

ఇక్కడి మన హెచ్‌ఈసీ, ఎంఈసీ పిల్లలకు కూడా ఇందులో అందనిదేమీ లేదు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు ఫార్సీ దస్తావేజులు ఉన్నాయి. లెక్చరరు ముందుగా లేఖ రాసి, చూపించడానికి వీలవుతుందా అని అడగాలి. రిజర్వ్ బ్యాంకుకూ 2016 నుంచి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లోలా వడ్డీ రేటు నిర్ణయించే కమిటీ ఉంది. ఆరుగురు సభ్యులు, నాలుగు శాతం ద్రవ్యోల్బణ లక్ష్యం, మామూలుగా రెండు నెలలకొక సమావేశం. నిర్ణయం వచ్చిన పద్నాలుగో రోజున ఒక్కొక్క సభ్యుడి వాదన పేరుతో సహా వెబ్‌సైట్‌లో పెడతారు. సమావేశానికి వారం ముందు తరగతిలో ఆరుగురిని కూర్చోబెట్టి ఓటు వేయించి, కారణాలు రాయించి, పద్నాలుగో రోజున ఆ కాగితాలను ముంబై నుంచి వచ్చిన మినిట్స్ పక్కన పెట్టి చదివించడానికి ఒక ప్రింటరు, రెండు పీరియడ్లు చాలు.